కేకు మీద సూత్రం

అండమాన్‌లోని బాంబూఫ్లాట్ ఫెర్రీలో నా ఎదుట కూర్చున్న భాను కేకులు చేసి అమ్ముతుంది; గోళ్ల సందుల్లో ఎప్పుడూ ఎర్రరంగే. నేను ఎన్ని రేవులు తిరిగినా, కేకు పెట్టెను ఇలా చంటిబిడ్డలా ఒళ్లో పెట్టుకున్న మనిషిని చూడలేదు. తనకు చదువు చెప్పిన లెక్కల టీచరు పుట్టినరోజట. మూత తీసి మురిపెంగా చూపించింది: ఏ ప్లస్ బీ హోల్ స్క్వేర్ ఈక్వల్టు ఏ స్క్వేర్ ప్లస్ బీ స్క్వేర్, చివర క్రీము గులాబీ.

"టూ ఏబీ ఏదమ్మా?" అన్నాను.

ఆమె ముఖం కందిపోయింది. "అరే! ఈ తప్పుకే మేడమ్ నాచేత వందసార్లు రాయించారు తాతా. ఇప్పుడు క్యా కరేగా, ఏం చెయ్యను? ఆవిడ ముందర ఎలాగెట్టను?"

ఫెర్రీ జెట్టీకి తగిలింది. భాను గులాబీని వేలితో ఎత్తేసి, ఆ చోట పెట్టెలోని ప్లాస్టిక్ కత్తి మొనతో 'ప్లస్ టూ ఏబీ' అని వంకరగా గీసింది. తలెత్తలేదు. పెట్టె మూసి, గులాబీ వేలి మీదే ఉండగా దిగి వెళ్లిపోయింది.