కొంచెం జరగండి సార్

మా దమ్మపేట వైపు ఆ రోజుల్లో (ఎంతో కాలం కాలేదు లెండి, అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాకే) రోడ్డు పక్కన ఆగిన బండి ఎవరిదైనా సగం మనదే. చెయ్యెత్తితే బైకు ఆగేది, ట్రాక్టరూ ఆగేది. ఖమ్మం పోయే కార్లయితే సీటు ఖాళీగా ఉంటే చాలు, ఎక్కించుకుని కిరాయి తీసుకునేవి. అప్పుడే ఖమ్మం శివార్లలో ఓ అద్దాల ఆఫీసులో నాకు ఉద్యోగం వచ్చింది. సింగపూర్‌లో జనం ఆర్డరిచ్చిన సామాను ఏ వీధికి పోవాలో ఇక్కడ కూర్చుని మేం సరిచూడాలి. (దమ్మపేటలో మా వీధికే పేరు లేదు!) మొదటి రోజు పది గంటలకల్లా రాకపోతే ఆ ఉద్యోగం తర్వాతివాళ్లకి ఇచ్చేస్తామని ముందే చెప్పారు. సరిగ్గా ఆ రోజే నా బస్సు సత్తుపల్లి దాటాక మొరాయించింది.

దిగి చూస్తే టీకొట్టు ముందు తెల్లకారు. "అన్నా, ఖమ్మమేనా?" అని టీ తాగుతున్న డ్రైవర్ని అడిగాను. "అవ్" అన్నాడు. అంతే, వెనక తలుపు తీసి, ఒళ్లో లాప్‌టాప్ పెట్టుకున్న పెద్దమనిషితో "కొంచెం జరగండి సార్" అన్నాను. ఆయన బిత్తరపోయి జరిగాడు. అక్కడితో ఊరుకున్నానా? నాతోపాటు బస్సు దిగిన వంకాయల గంప పెద్దమ్మను కూడా "జల్దీ రా పెద్దమ్మా, సీటుంది!" అని కేకేశాను. సారే జరిగి చోటిచ్చాడని డ్రైవర్ కూడా బండి తీశాడు.

పెద్దమ్మ గంపను ఆయన కాళ్ల దగ్గర సర్దేసి, "ఏ ఊరు బిడ్డా? పిల్లలెందరు? గిట్ల బక్కగైనవేంది, తింటున్నవా లేదా?" అని మొదలుపెట్టింది. పాపం, ఆయన అన్నిటికీ బుద్ధిగా జవాబు చెప్పాడు. నేను కిరాయి ఆయన చేతిలో పెట్టి "డ్రైవరన్నకి అందించండి సార్" అన్నాను. అందించాడు కూడా!

పెద్దమ్మ వైరాలో దిగిపోయింది. కారు తిన్నగా మా ఆఫీసు గేటులోకే పోయింది. మేనేజరు పూలగుత్తితో పరుగెత్తుకొచ్చాడు. నా పక్కనున్నాయన సింగపూర్ నుంచి వచ్చిన పెద్ద సారట, ఇటువైపున్న సొంతూరు చూసుకుని వస్తున్నాడట, అది కంపెనీ ఆయన కోసం పంపిన కారట! చేరకముందే ఉద్యోగం ఊడిందనుకున్నాను.

"ఈ కార్ల నువ్వేందమ్మా?" అన్నాడు మేనేజరు.

"నేనే తీసుకొచ్చాను. పదికి ఇంకా ఐదు నిమిషాలుంది, చేర్చుకోండి" అన్నాడు సారు. తర్వాత నా వైపు తిరిగి, "సింగపూర్‌లో మా టవర్లో తొమ్మిదేళ్లుగా ఉంటున్నానమ్మా. తింటున్నావా అని ఒక్కరూ అడగలేదు" అన్నాడు. అమ్మయ్య!

ఇప్పుడు నేనూ ఖమ్మం శివార్లలో ఎనిమిదో అంతస్తులో ఉంటున్నాను. లిఫ్టులో నలుగురం ఎక్కితే నలుగురం ఫోన్లే చూసుకుంటాం. ఎదురింటావిడ పేరు అడుగుదామని మూడు నెలలుగా అనుకుంటున్నాను, మొహమాటం. ఆనాటి ఆ మొద్దుపిల్లయితే ఈపాటికి ఆవిడ వంటింట్లో కూర్చుని అన్నం కూడా తినేసేది.