టేపుగారి వంటింటి కిటికీ

మునిసిపల్ ఆఫీసు మేడమీద మూడో గదిలో కూర్చునే తనిఖీ అధికారిని పాతపేటలో ఎవరూ పేరు పెట్టి పిలవరు. టేపుగారు అంటారు. బెల్టుకి ఎడమపక్క ఎప్పుడూ కొలతల టేపు వేలాడుతూ ఉండటం వల్ల వచ్చిన పేరు అది. ఒకసారి కడుపునొప్పితో ఆసుపత్రిలో చేరితే మంచాన్ని కొలిచి, ఉండాల్సినదానికంటే నాలుగంగుళాలు పొట్టిగా ఉందని పెద్ద డాక్టరుకి ఫిర్యాదు రాసిచ్చాడట. డాక్టరు ఆయన్ని అనుకున్నదానికంటే రెండు రోజులు ముందే ఇంటికి పంపేశాడట.

పాతపేట అంటే పదకొండు వీధులు, మూడు వందల చిల్లర ఇళ్ళు. అన్నీ సున్నపు గోడల కాలం నాటివి. వాటిని కాపాడాలని పైవాళ్ళు నిర్ణయించిన దగ్గర్నుంచి, వీధిలోంచి కంటికి కనిపించేది ఏది మార్చాలన్నా అనుమతి కావాలి. తలుపు రంగు మార్చాలన్నా, గుమ్మం ముందు మెట్టు పెంచాలన్నా దరఖాస్తు పెట్టుకోవాలి. టేపుగారు వచ్చి చూసి రిపోర్టు రాస్తాడు. ఐదుగురు సభ్యుల కమిటీ దాని మీద కూర్చుంటుంది.

టేపుగారి దగ్గర ఒక ఆల్బం ఉంది. పేటను కాపాడాలనుకున్న ఏడాదే ఒక ఫోటోగ్రాఫరు ఒక్క రోజులో పదకొండు వీధులూ చుట్టబెట్టి ప్రతి ఇంటి ముందుభాగాన్నీ ఫోటో తీశాడు. అవన్నీ అతికించిన లావుపాటి పుస్తకం అది. అదే నెలలో ఉద్యోగంలో చేరిన టేపుగారికి అప్పటి పై అధికారి ఒకే ఒక్క సూత్రం నేర్పి రిటైరైపోయాడు: ఫోటోలో ఉన్నది ఉండి తీరాలి, లేనిది పోయి తీరాలి. టేపుగారు ఇరవయ్యెనిమిదేళ్ళు ఆ సూత్రాన్ని పట్టుకుని వేలాడాడు.

మంగలి షాపు సంగతే తీసుకోండి. ఫోటో తీసిన రోజున ఎవడో పెయింటరు తన నిచ్చెనను ఆ షాపు గోడకి ఆనించి ఎక్కడికో వెళ్ళాడు. నిచ్చెన ఫోటోలో పడింది. మర్నాడు పెయింటరు దాన్ని తీసుకుపోయాడు. మూడు నెలల తర్వాత మంగలికి నోటీసు వచ్చింది, పాత నిచ్చెనను అనుమతి లేకుండా తొలగించినందుకు. పాపం మంగలి వెతికి వెతికి అలాంటిదే ఇంకోటి తెచ్చి అక్కడే ఆనించాడు. ఇప్పటికీ ఉంది. మొన్నామధ్య మూడో మెట్టు పుచ్చిపోతే, అదే రకం చెక్కతో మార్చుకోవడానికి దరఖాస్తు పెట్టుకున్నాడు. కమిటీ ముప్పావుగంట చర్చించింది. టైలరు కొట్టు ఫోటోలో అయితే గుమ్మంలో ఒక గోధుమరంగు కుక్క పడుకుని ఉంటుంది. ఆ కుక్క పోయాక టైలరు భయపడి అదే రంగు కుక్కని తెచ్చుకున్నాడు. ఇప్పుడున్నది నాలుగోది. దాన్నీ పడుకోబెట్టడానికే నానా తంటాలూ పడుతున్నాడు.

బయట ఇంత మందిని హడలగొట్టే మనిషికి ఇంట్లో మాత్రం ఒకే ఒక్క పేచీ ఉండేది. అది వంటిల్లు.

ఆయన ఇల్లరికపు అల్లుడు. మావగారి ఇల్లు ఆరో వీధిలో, అంటే పాతపేట నడిబొడ్డులో. మావగారు కాలం చేశాక ఇల్లు కూతురి, అంటే టేపుగారి భార్య పేరు మీదికొచ్చింది. ఇంట్లో అన్ని గదులకూ గాలీ వెలుతురూ ఉన్నాయి, వంటింటికి తప్ప. వీధివైపు గోడ నిండుగా, గుడ్డిగా ఉంటుంది. మిట్టమధ్యాహ్నం కూడా దీపం వేసుకోవాల్సిందే. ఆ దీపం కిందకి వెళితే ఆవిడ నీడ ఆవిడ చేతుల మీదే పడుతుంది. కూర తరగాలంటే కత్తీ పళ్ళెం పట్టుకుని వీధి మెట్ల మీదకి వచ్చి కూర్చుంటుంది. ఎడమచేతి వేళ్ళ మీద ఆవిడకి ఏడు గాట్లున్నాయి. ఏ గాటు ఏ సంవత్సరం తెగిందో చెప్పగలదు.

ఏటా వానలు మొదలవగానే, మెట్ల మీద కూర్చోవడం కుదరదు కాబట్టి, ఆవిడ అడిగేది. వంటింట్లో వీధివైపు ఒక కిటికీ పెట్టించుకుందామండీ అని. ఏటా ఆయన ఒకే జవాబు చెప్పేవాడు. ఫోటోలో కిటికీ లేదు కదా అని. ఆవిడ ఒక్క క్షణం ఆయన మొహంలోకి చూసి లోపలికి వెళ్ళిపోయేది. ఆ చూపుకి అర్థమేమిటో ఆయన ఎన్నడూ ఆలోచించలేదు.

ఆయన రిటైర్మెంటుకి ఇంకా రెండు నెలలుందనగా, ఆవిడ ఇస్త్రీ చీర కట్టుకుని, కొత్త చెప్పులేసుకుని, మునిసిపల్ ఆఫీసుకి వెళ్ళి కింద కౌంటర్లో దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకుంది. మేడమీదకి మాత్రం వెళ్ళలేదు. సాయంత్రం నాలుగింటికి ఆ కాగితం తిరిగి తిరిగి టేపుగారి బల్ల మీదకొచ్చింది. ఆరో వీధి, పద్నాలుగో నంబరు, వంటింటి గోడకి కిటికీ. కింద సంతకం చూసి ఆయనకి తల తిరిగింది.

ఇంటికొచ్చి, ఆఫీసుకి ఎందుకొచ్చావని అడిగాడు.

"ఇంట్లో అడిగితే వినేవాళ్ళు లేరు. ఆఫీసులో అయితే రసీదైనా ఇస్తారని వెళ్ళాను" అందావిడ.

"నలుగురూ ఏమనుకుంటారు? సొంత పెళ్ళానికి ఇచ్చాడంటారు."

"ఇవ్వకపోతే ఏమంటారో కూడా ఆలోచించండి."

ఆయన రాత్రంతా ఆలోచించి, ఉదయం ఆల్బం తీశాడు. పద్నాలుగో నంబరు ఫోటోలో వంటింటి గోడ మీద పెద్ద బొంత ఒకటి ఆరేసి ఉంది. కిటికీ లేదు. తిరస్కరించాలని నిబ్బరంగా రాసి కమిటీకి పంపాడు.

కమిటీ అధ్యక్షురాలు రిటైరైన హెడ్‌మిస్ట్రెస్. ఆవిడ ముందు కమిటీలోని ఇంజనీరంతటి వాడు కూడా చేతులు కట్టుకునే కూర్చుంటాడు. ఆవిడ టేపుగారిని పిలిపించింది. అందరి ఇళ్ళలోనూ గోడ గోకి చూసి గానీ రిపోర్టు రాయరు కదా, సొంతింటి గోడకి ఆ మర్యాద ఎందుకు తగ్గించారని అడిగింది. బొంత వెనకాల ఏముందో బొంతకి తెలియాలి, మీకెలా తెలిసిందని కూడా అడిగింది. టేపుగారు కాగితం వెనక్కి తీసుకుని వచ్చేశాడు.

గోడ గోకడమంటే అదొక విద్య. పేటలో అది చేతనైనవాడు ఒక్క ముసలి మేస్త్రీయే. ముందు వేలి కణుపుతో గోడంతా కొట్టి వింటాడు. తర్వాత పల్చటి బ్లేడుతో పొర తర్వాత పొర రంగులు తీస్తాడు. మర్నాడు ఉదయం ఆయనొచ్చి చెవి గోడకి ఆనించి, జ్వరం వచ్చిన పిల్లాడి గుండె చూసినట్టు, అంగుళం అంగుళం కొట్టుకుంటూ పోయాడు. నడిమధ్య కొట్టి ఆగాడు. ఇంకోసారి కొట్టాడు.

"ఇక్కడ వేరే పలుకుతోంది సార్" అన్నాడు.

రెండు గంటలు గోకాక పైన చెక్కదూలం ఒకటి బయటపడింది. దాని కింద ఇటుకలు. చుట్టూ ఉన్న గోడంతా సున్నం, ఆ ఇటుకలు మాత్రం సిమెంటు. కిటికీ ఉండేది, ఎవరో మూసేశారు. అయితే ఎప్పుడు మూశారన్నది ముఖ్యం. ఫోటోకి ముందే మూసుంటే ఆ మూసిన గోడే పాతదాని కిందకి వస్తుంది, తెరవకూడదు. తర్వాత మూసుంటే కిటికీయే పాతది, తెరిచి తీరాలి. ఆ సంగతి మేస్త్రీకీ తెలుసు, టేపుగారికీ తెలుసు. తలుపు దగ్గర చేతులు తుడుచుకుంటూ నిలబడ్డ టేపుగారి భార్యకి అందరికంటే బాగా తెలుసు.

తడి సిమెంటు మీద వేలితో తేదీ గీయడం మేస్త్రీలకి అలవాటు. ముసలాయన కింది వరస మీద తడిగుడ్డతో తుడిచాడు. అంకెలు లేచాయి. ఫోటోలు తీసిన నాలుగు నెలలకి మూశారు.

టేపుగారి మొహం కందగడ్డయింది. భార్య కిటికీ కళ్ళముందుకొచ్చిందన్న సంతోషం ఆయనకి తట్టనే లేదు. తన పేటలో, అదీ తను ఉద్యోగంలో ఉండగా, ఒక కిటికీని అనుమతి లేకుండా మూసేశారన్న ఒక్క మాటే తలకెక్కింది. ఇది నేరమన్నాడు. మూసినవాళ్ళు ఎంతటివాళ్ళయినా వదిలేది లేదన్నాడు. అక్కడే స్టూలు మీద కూర్చుని, జేబులోంచి నోటీసు ఫారం తీసి, అప్పటి ఇంటి యజమాని అన్న చోట స్వర్గస్థులైన మావగారి పేరు రాయడం మొదలుపెట్టాడు.

ఆవిడ లోపలికి వెళ్ళి బిస్కెట్ల డబ్బా ఒకటి తెచ్చింది. అందులోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసి ఆయన తొడ మీద పెట్టింది.

"అనుమతి లేకుండా ఎందుకు మూస్తారండీ మా నాన్న? మూయమన్నది మీరే" అంది.

టేపుగారు కాగితం విప్పాడు. ఆరో వీధి, పద్నాలుగో నంబరు. వంటింటికి వీధివైపున్న కిటికీ ఫోటోలో కనబడనందున, దానిని అక్రమంగా పెట్టిన కొత్త కిటికీగా భావించి, ముప్పై రోజుల్లో మూసివేయవలెను. కింద సంతకం ఆయనదే. కొత్త ఉద్యోగం కాబట్టి దాని కింద రెండు గీతలు కూడా గీశాడు.

మేస్త్రీ బ్లేడు తుడుచుకుంటూ వీధిలోకి వెళ్ళి నిలబడ్డాడు. ఆయన భుజాలు కదులుతున్నాయి.

"మరి ఆ బొంత?" అని మాత్రం అడగగలిగాడు టేపుగారు.

బొంత ఆరేసింది తనేనంది ఆవిడ. ఎవరో ఇళ్ళ ఫోటోలు తీస్తున్నారని తెలిసి, వంటింట్లో మసిగిన్నెలు అందులో పడతాయని సిగ్గేసి, బొంత అడ్డం కట్టింది. తర్వాత నోటీసొచ్చింది. వాళ్ళ నాన్న భయస్తుడు, ఆఫీసు కాగితం చూస్తే చెమటలు పట్టేవి. ఎదురుచెప్పకుండా మూయించేశాడు. మూశారో లేదో చూడటానికి టేపుగారు స్వయంగా వచ్చాడు. ఒకసారి చూస్తే సరిపోయేదానికి మూడుసార్లొచ్చాడు.

అప్పుడు గుర్తొచ్చింది టేపుగారికి. ఆ ఇంటికి మూడుసార్లు వెళ్ళడం గుర్తే. మంచినీళ్ళ గ్లాసు ఇచ్చిన చెయ్యి, ఆ చేతికున్న ఆకుపచ్చ గాజులు గుర్తే. ఎందుకు వెళ్ళాడన్నది మాత్రం ఆ గాజుల చప్పుడులో అప్పుడే కొట్టుకుపోయింది.

"ఇన్నేళ్ళూ ఒక్క మాట చెప్పలేదేం?"

"నాన్న ఒట్టు పెట్టించుకున్నారు. కాబోయే అల్లుడు, తప్పు చేశానని తలవంచుకుని మన గుమ్మం తొక్కకూడదన్నారు. ఫైళ్ళన్నీ మీ దగ్గరే ఉంటాయి కదా, ఏదో ఒక ఏడాది మీరే కనుక్కుంటారని చూశాను. ఏటా గుర్తుచేస్తూనే ఉన్నాను. రెణ్ణెల్లు పోతే ఆ ఫైళ్ళు కూడా మీ చేతిలో ఉండవు. ఇక లాభం లేదనుకున్నాను."

టేపుగారు ఆ పూట అన్నం తినలేదు. రాసిన నోటీసు చింపలేదు కూడా. నోటీసు చింపడం నిబంధనలకి విరుద్ధం. దాని మీద అడ్డంగా గీత కొట్టి, రద్దు అని రాసి, సంతకం పెట్టాడు. ఆయన ముందు రెండు దారులున్నాయి. గోకితే కిటికీ దొరికిందని రెండు ముక్కలు రాసి ఊరుకోవచ్చు. ఎవరు మూయించారని కమిటీ అడగకపోవచ్చు. కానీ అడిగితే, నోరు లేని మావగారి మీదకి పోతుంది.

సమావేశంలో ఆయన నిలబడే రిపోర్టు చదివాడు. ఇరవయ్యెనిమిదేళ్ళ క్రితం తనిఖీ అధికారి బొంతను గోడ అనుకున్నాడని, ఇంటి యజమాని తప్పేమీ లేదని, సదరు అధికారి ఇంకా ఉద్యోగంలోనే ఉన్నాడని చదివాడు. ఇంజనీరు నోటికి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు.

"ఎవరా అధికారి?" అని అడిగింది హెడ్‌మిస్ట్రెస్. ఆవిడకి తెలుసు.

"నేనేనమ్మా."

"గట్టిగా చెప్పండి. రాసేవాళ్ళకి వినపడాలి."

"నేనేనమ్మా" అన్నాడు టేపుగారు, గది అవతలికి కూడా వినపడేలా.

దరఖాస్తుదారుకి భర్త కాబట్టి ఓటింగప్పుడు బయటికి వెళ్ళమన్నారు. వరండాలో దరఖాస్తుదార్లు కూర్చునే బెంచీ మీద భార్య కూర్చుని ఉంది. ఆయన పక్కన కూర్చున్నాడు. ఆ బెంచీ మీద కూర్చోవడం ఆయనకదే మొదటిసారి. వెడల్పు చాలదు, ఒక కాలు ఊగుతుంది, ఎదురుగా గడియారం ఆగిపోయి ఉంది. ఈ బెంచీ ఎప్పట్నుంచి ఇలా ఊగుతోందని ఆవిణ్ణి అడిగాడు. మీ గదికి పదడుగుల దూరంలోనే ఉంది కదా, మీకే తెలియాలి అందావిడ. లోపల కుర్చీలు కదిలినప్పుడల్లా ఆవిడ చేతిసంచీ పిడిని ఇంకో చుట్టు తిప్పుతోంది. పదకొండో చుట్టుకి తలుపు తెరుచుకుంది. ఐదుగురూ ఒప్పుకున్నారు.

మరుసటి వారం మేస్త్రీ ఇటుకలు తీశాడు. చివరి వరస తీసి, చువ్వలూ రెక్కలూ బిగించేసరికి పొద్దు పది దాటింది. ఎండ చక్కగా వచ్చి పొయ్యి మీదా, గిన్నెల మీదా, ఇరవయ్యెనిమిదేళ్ళ మసి మీదా పడింది. ఆవిడ నడుం మీద చెయ్యేసుకుని ఒక నిమిషం నిలబడింది. ఆవిడ ఏమైనా అంటుందేమోనని టేపుగారు పక్కనే నిలబడ్డాడు.

"ఆ అటక ఇంత నల్లగా ఉంటుందా" అంది ఆవిడ చివరికి. "రేపు దాని మీదవన్నీ దించండి, తోమాలి." కత్తిపీట కిటికీ కిందకి లాక్కుని, వంకాయలు ముందేసుకుని కూర్చుంది.

టేపుగారు కాసేపు అటూ ఇటూ తచ్చాడి, ఎక్కడ నిలబడ్డా ఏదో ఒకదానికి అడ్డమే అవుతుండటంతో వీధిలోకి వెళ్ళాడు. ఆ నెలలోనే పేటలో అద్దెకి దిగిన ఒకాయన గోడ దగ్గర ఆగి, ఇది కొత్త కిటికీలా ఉందే, అనుమతి ఉందా అని అడిగాడు. టేపుగారు చొక్కా జేబులోంచి కమిటీ ఒప్పుకున్న రిపోర్టు తీసి, తేదీతో మొదలుపెట్టి మొత్తం చదివి వినిపించాడు. బొంత సంగతి కూడా వదల్లేదు. వింటున్నాయన రెండుసార్లు వెళ్ళబోయాడు గానీ టేపుగారు వెళ్ళనివ్వలేదు. లోపల ఆవిడ తలెత్తకుండా వంకాయలు తరుగుతూ, ఆయన మధ్యలో మింగేసిన మాటలు అందిస్తోంది.

"సంతకం కింద రెండు గీతలు కూడా ఉన్నాయని చెప్పండి" అంది కిటికీలోంచి.

టేపుగారు అదీ చెప్పాడు.