దీపానికి కాపలా

మొన్న నేను పాఠం చెప్పే రోబో క్లాసులో ఒక పాప మంటను కనిపెట్టే సెన్సర్ ముందు అగ్గిపుల్ల గీసింది. ఆ వాసనకు నా చిన్నప్పుడు మా నాన్న, బాపు, పోయిన రోజులు గుర్తొచ్చాయి.

మా భూములన్నీ బొగ్గు గని కింద పోయాక గోదావరిఖనిలో రెండు గదుల క్వార్టర్‌లో ఉండేవాళ్లం. అయినా అవ్వ, మా అమ్మ, ఎవరి ముందూ తల వంచలేదు.

"దొరసానీ, దీపం కాడ జరసేపు నేను కూసుంట, నువ్వు పండుకో," అంది పక్కింటి రాజవ్వ, బాపు పోయిన మర్నాడు.

"మా ఇంటి దీపానికి మేం లేమా?" అంది అవ్వ.

పదోనాటి దాకా దీపం ఆరొద్దని, అప్పటిదాకా బాపు ఇంట్లనే ఉంటడని అవ్వ చెప్పింది. ఎప్పటికీ ఆరకపోతే బాపు ఎప్పటికీ ఉంటాడనుకున్నాను. బడిలో సైన్స్ ఫెయిర్ కోసం చేసిన నా మంట సెన్సర్‌ను దీపం ముందు పెట్టి, మంట కనబడకపోతే బజర్ మోగేలా మార్చాను. అవ్వ నన్ను నమ్మి పడుకుంది.

నేను లేచేసరికి కిటికీలోంచి ఎండ సెన్సర్ మీద పడుతోంది. దీపం ఆరిపోయింది. బజర్ మోగనే లేదు. మంటలో ఉండే పరారుణ కిరణాలు ఎండలోనూ ఉంటాయని, ఎండ వచ్చాక దీపం ఆరినా సెన్సర్ ఎండనే దీపమనుకుందని అప్పుడు నాకు తెలియదు.

"బాపు పోయిండా అవ్వా?"

అవ్వ దీపం మళ్లీ వెలిగించి, వెళ్లి తలుపు తీసింది.

"రాజవ్వా, జర వస్తవా? మాతోని అయితలేదు."

అవ్వ అలా సాయం అడగడం విన్నాకే బాపు ఇక లేడని నాకు అర్థమైంది.