మరియమ్మ ఇచ్చిన నేల

నాది కాని గౌరవాన్ని ఇన్నేళ్లూ మెడలో వేసుకుని తిరిగాను. అది బరువని మొదట్లో తెలియలేదు. పూలదండ బరువవుతుందని ఎవరనుకుంటారు? మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీతో చెప్పగలుగుతున్నాను.

మడికొండ దాటాక మా ఊరు. అక్కడ సిస్టర్ల బడి ఉంది. మొదట అది గూడెం పక్కన తాటాకు పాక. ఫాదర్ ఒకాయన సైకిల్ మీద వచ్చి క్రైస్తవుల పిల్లలకు అక్షరాలు దిద్దించేవాడు. తర్వాత పెంకుల వసారా వచ్చింది, సిస్టర్లు వచ్చారు, తెలుగు మీడియం పోయి ఇంగ్లీషు మీడియం వచ్చింది. ఇప్పుడు చుట్టూ అపార్ట్‌మెంట్లు. ఈ బడిని చూసే ఇక్కడ ప్లాట్లు కొన్నవాళ్లు చాలామంది ఉన్నారు. పొద్దున బస్సులు బారులు తీరితే నాకు ఇప్పటికీ సంతోషమే. ఆ నేల మా తాత దానమిచ్చాడని ఊరంతా అంటుంది. గేటు పక్కన రాతి మీద ఆయన పేరుంది. ఏటా బడి పండుగకు మొదటి దండ నాకే.

ఆ నేల మా తాతది కాదు.

అది గూడెంలో ఉండే మరియమ్మది. భర్త పోయాక ఆమెకు మిగిలిన మెట్ట చెలక. ఆ రోజుల్లో మా ఊళ్లో ఒక పద్ధతి ఉండేది. ఎవరు ఏ మంచి పని తలపెట్టినా దొర చేతుల మీదుగానే జరగాలి. ఆ దొర మా తాత. అందుకని ఆమె బడికి నేల ఇస్తున్నట్టు గుర్తుగా తన చెలకలోని మట్టి తెచ్చి మా తాత దోసిట్లో పోసింది. ఆయన దాన్ని ఫాదర్ చేతుల్లో పోశాడు. చూసినవాళ్లకు ఆ చివరి చెయ్యే గుర్తుండిపోయింది. తాత తనదని చెప్పుకోలేదు, కాదనీ అనలేదు. అక్కడే నిలబడి చూసిన మా అమ్మ ఇదంతా నాకు చెప్పింది.

అంటే నాకు తెలుసు. అసలు సంగతి అదే.

బడికి పెద్ద ఉత్సవం చేసినప్పుడు, స్థలం ఎవరిచ్చారని అప్పటి సిస్టర్ నన్ను అడిగింది. అప్పటికి మా తాతలున్న గడీ కూలిపోయింది, దాని తలుపులు కూడా ఎవరో పట్టుకుపోయారు. నేను పట్టణంలో, సుబేదారిలో ఒక ఆఫీసులో గుమాస్తాను. నేను వస్తే లేచి నిలబడేవాడు అక్కడ లేడు. ‘మా తాత’ అన్నాను. ఎందుకన్నాను? లేమి నా చేత ఆ మాట అనిపించిందా? కాదు. అంత జాలి నా మీద నేను చూపించుకోను. తెలిసి చేసిన పని.

నా మాట నమ్మి గేటు పక్కన రాయి నిలబెట్టిన రోజు మరియమ్మ కొడుకు ఇన్నయ్య వచ్చాడు. మేస్త్రీ. బడి గోడల్లో సగం అతను కట్టినవే.

“రాయి మంచిగున్నది దొరా. మా అవ్వ పేరు యాడ రాసిండ్రో కనవడ్త లేదు. జర చూపిస్తవా? అద్దాలు ఇంట్ల మర్సిపొయ్యిన.”

“ఇప్పుడెందుకు ఇన్నయ్యా ఆ ముచ్చట? బడి నడుస్తాంది గదా.”

“నడుస్తాంది, దానికేం ఫికర్ లేదు. మా మనుమరాలు గూడ గీడనే సదువుతాంది. గీ జాగ మా తాతమ్మ ఇచ్చిందని క్లాసుల చెప్పిందట. అబద్ధాలు ఆడొద్దని టీచర్ నిలవెట్టింది. ఏడ్సుకుంట ఇంటికొచ్చింది పిల్ల.”

“పిల్లలకు ఇవన్ని ఎందుకు చెప్తవు?”

“మరెవలు చెప్తరు? మీ తాత చెయ్యి మీదికెల్లి జాగ పోయింది గద, మా అవ్వ పేరు నీ నోటి మీదికెల్లన్న వస్తదనుకున్న.”

‘చూద్దాం’ అన్నాను. అతను నవ్వి వెళ్లిపోయాడు. మళ్లీ అడగలేదు. కొన్నేళ్లకు పోయాడు. సమాధి దగ్గర కూడా నాకు ముందు చోటే ఇచ్చారు. నిలబడ్డాను.

ఈ ఏడు బడికి కొత్త బిల్డింగ్ కడుతున్నారు. దానికి మా తాత పేరు పెడతామని కబురు వచ్చింది. ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లాను. ఇప్పటి సిస్టర్ కూర్చోమంది. కూర్చుంటే చెప్పలేనని నిలబడే చెప్పాను: నేల మరియమ్మది, అది నాకు మొదటి నుంచీ తెలుసు, ఆ నిజం చెప్పినందుకే ఇన్నయ్య మనుమరాలిని ఇక్కడ నిలబెట్టారు. ఆమె ఒక్కటే అడిగింది, ఆ మనుమరాలికి చెప్పారా అని.

చెప్పలేదు. అటు నుంచి అటే వెళ్లాను.

ఆ పిల్ల ఇప్పుడు ఐటీ కంపెనీలో పనిచేస్తోంది. తన కొడుకునూ అదే బడిలో వేసింది. గుమ్మంలోనే నిలబడి అంతా వింది. లోపలికి రమ్మనలేదు. పిల్లవాడి బస్సు వచ్చే వేళైందని చెప్పి తలుపు దగ్గరగా వేసుకుని, నన్ను దాటి మెట్లు దిగిపోయింది. క్షమించమని నేను అడగలేదు. మా ఇంట్లో ఎవరికీ ఆ మాట పలకడం రాదు, నాకూ రాలేదు. అడిగినా ఆమె క్షమించేది కాదేమో. క్షమించకపోవడం ఆమె హక్కు.

ఎండలో ఇంటిదాకా నడిచాను. దారిలో ఎవరూ లేరు. ‘ఆ నేల మరియమ్మది’ అని పైకే అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. మళ్లీ అన్నాను. ఇదిగో, ఇప్పుడు మీతో అంటున్నాను. హాయిగా ఉంది.