బాప్తిస్మం వీడియోలో వినిపించిన గొంతు

నేను దయ్యాలను నమ్మను. గొప్ప కోసం చెబుతున్న మాట కాదు, ఉద్యోగం నన్నలా తయారు చేసింది. మెదక్‌లో ఒక దినపత్రికకు చాలా ఏళ్లు విలేకరిగా పనిచేశాను. హవేలిఘనపూర్ దగ్గర ఒక ఇంటి మీద రాళ్లు పడుతున్నాయంటే వెళ్లి ఎదుటి అరుగు మీద పొద్దంతా కూర్చున్నాను. పక్క మామిడితోటలోని కోతులు పెంకులు పీకి విసురుతున్నాయి. అదే రాశాను. ఊళ్లో వాళ్లకు నా మీద కోపం వచ్చింది. వాళ్లకు కోతుల కంటే దయ్యమే బాగుంది.

అందుకే ఇప్పుడు చెప్పబోయేది రాయాలా వద్దా అని కొంతకాలం ఆగాను. చూసింది చూసినట్టు రాయడమే నాకు తెలిసిన పని కాబట్టి అలాగే రాస్తాను.

మా వీధిలో ఎస్తేరు టీచరమ్మ ఉంటుంది. బడి నుంచి రిటైరైంది. ఆమె భర్త ప్రభుదాస్ చర్చిలో పాటలు పాడేవాడట. కూతురు సువర్ణకు ఇంకా మాటలు రాకముందే జబ్బు చేసి పోయాడు. నేను ఆ వీధికి వచ్చింది ఆ తర్వాతే. ఆయన్ని నేను చూడలేదు, ఆయన గొంతూ వినలేదు. ఈ సంగతి ముందే చెప్పడం అవసరం.

సువర్ణకు తండ్రి ముఖం ఫొటోల్లో తెలుసు. గొంతు తెలియదు. ఆ లోటు ఆ అమ్మాయిని చిన్నప్పటి నుంచీ వదల్లేదు. టీచరమ్మ మాత్రం ఎవరింటికి వెళ్లినా ఆ గొంతు గురించి చెబుతూనే ఉండేది. మైకు లేకపోయినా చర్చిలో చివరి బెంచీ దాకా వినిపించేదని, పిల్లలు ఏడుపు ఆపి వినేవారని.

పోయిన వానాకాలం సువర్ణ పసిపాపతో పుట్టింటికి వచ్చింది. ఆ ఆదివారం పాపకు బాప్తిస్మం. ఆ సందర్భంగా తన బాప్తిస్మం వీడియో చుట్టాలకు చూపించాలనుకుంది. ఆ వీడియోలోనే పాస్టర్ బిడ్డ పేరు అడిగితే తండ్రి చెప్పే ఘట్టం ఉంది. పాత క్యాసెట్ నుంచి ఎప్పుడో సీడీకి, సీడీ నుంచి ల్యాప్‌టాప్‌కు ఎక్కింది. ఇప్పుడు బొమ్మ ఆగి ఆగి కదులుతోంది, శబ్దం అసలే రావడం లేదు. నన్ను పిలిచారు. పత్రికలో ఉండగా వీడియోలు పంపాల్సి వచ్చేది, ల్యాప్‌టాప్ మొరాయిస్తే బాగుచేసే వాళ్లు దగ్గర్లో ఉండేవారు కాదు. అలా కొంత నేర్చుకున్నాను.

మధ్యాహ్నం వెళ్లాను. వాన పడేలా ఉండి పడని పూట. కిటికీలోంచి చర్చి శిఖరం సగమే కనిపిస్తోంది, మిగతా సగం మబ్బులో ఉంది. గదిలో వెలుతురు పలుచని టీ రంగులో ఉంది. చీరతో కట్టిన ఉయ్యాలలో పాప నిద్రపోతోంది. ఫ్యాను తిరిగినప్పుడల్లా ఉయ్యాల కొంచెం కదిలి ఆగుతోంది. ఆ ఇంట్లో గట్టిగా మాట్లాడాలని ఎవరికీ అనిపించని పూట అది.

ముందు వాల్యూమ్ చూశాను, సరిగానే ఉంది. శబ్దం ఎటు వెళ్తోందో చూస్తే, ఇంట్లో లేని బ్లూటూత్ హెడ్‌ఫోన్‌కు వెళ్తోంది. దాన్ని మార్చి స్పీకర్‌కు పెట్టాను. అయినా మౌనమే. సౌండ్‌ను నడిపించే డ్రైవర్‌ను తీసేసి మళ్లీ ఎక్కించాను. నేను ప్రతి మార్పుకూ ఒక ప్రశ్న అడుగుతుంటే టీచరమ్మ నవ్వింది.

"ఏందన్నా, రిపేర్ చేస్తున్నవా, దానితోని ఇంటర్వ్యూ చేస్తున్నవా?"

ఆ మాట అనేసి, ఆదివారం ఏర్పాట్లు మాట్లాడాలని గొడుగు తీసుకుని చర్చికి వెళ్లింది.

ల్యాప్‌టాప్ ఆపి మళ్లీ పెట్టాక మిగతా పాటలన్నీ మోగాయి. ఈ వీడియో మాత్రం మోగలేదు. పాత పద్ధతిలో చేసిన ఫైలు కావడంతో ఆ ప్లేయర్‌కు దాని శబ్దం అర్థం కావడం లేదు. వేరే ప్లేయర్ వేశాను. బొమ్మ సాఫీగా నడిచింది. శబ్దమూ వచ్చింది, కీబోర్డు మీద వాయించిన మెల్లని సంగీతం.

సువర్ణ ముఖంలో ఆశ తగ్గడం చూశాను. అప్పట్లో మా దగ్గర ఫంక్షన్ వీడియోలన్నీ అంతే. పెళ్లయినా బాప్తిస్మమైనా ఫొటో స్టూడియో వాళ్లు అక్కడి మాటలన్నీ తీసేసి, మొదటి నుంచి చివరి దాకా పాటో సంగీతమో వేసి ఇచ్చేవారు. దాన్ని మిక్సింగ్ అనేవారు. మాటలుంటే చవగ్గా తీసినట్టు, మిక్సింగ్ ఉంటే ఘనంగా తీసినట్టు లెక్క. జనం అడిగి మరీ చేయించుకునేవారు. అలా ఈ ఊళ్లో ఎంతోమంది పెద్దవాళ్లు పెదవులు మాత్రమే కదుపుతూ మిగిలిపోయారు.

"అంకుల్, మ్యూజిక్ కింద డాడీ మాట ఏమన్న ఉంటదా? జర చూడుండ్రి."

ఒకసారి తీసేశాక ఇక ఉండదని చెప్పాను. అయినా ఆ పిల్ల తెర వైపే చూస్తోంది. కాదనలేక బాప్తిస్మం ఘట్టం దాకా జరిపి వదిలాను.

తెరమీద ప్రభుదాస్ తెల్ల చొక్కాలో నిలబడి ఉన్నాడు. టీచరమ్మ చేతుల్లో పసిబిడ్డగా సువర్ణ. పాస్టర్ ఏదో అడిగాడు. ప్రభుదాస్ నోరు తెరిచాడు.

అప్పుడు సంగీతం ఆగింది.

శబ్దం పోయిందనుకుని చెయ్యి చాపాను. కానీ అది నిశ్శబ్దం కాదు. పెద్ద హాలులో చాలామంది కూర్చుని ఉన్నప్పుడు ఉండే సద్దు. ఎవరో దగ్గారు. బెంచీ జరిగింది. ఆ సద్దులోంచి ఒక మగగొంతు, అనుకున్నంత పెద్దది కాదు, కొంచెం బొంగురు, "మైనా" అంది. పాస్టర్ చిన్నగా నవ్వాడు. ఆ గొంతే తడబడి, "సువర్ణ కృప" అంది. తర్వాత కీబోర్డు మళ్లీ మొదలైంది, మధ్యలో ఏమీ జరగనట్టు.

ఉయ్యాలలో పాప కళ్లు తెరిచి ఉంది. ఏడవడం లేదు.

"ఇన్నరా అంకుల్?"

విన్నానని చెప్పాను. వెనక్కి జరిపి మళ్లీ పెట్టాను. సంగీతమే. మళ్లీ పెట్టాను. ప్రభుదాస్ పెదవులు కదిలాయి, పాస్టర్ నవ్వాడు, కీబోర్డు మోగుతూనే ఉంది. ఎన్నిసార్లు పెట్టానో లెక్క తప్పింది. ఎండ వచ్చిందో, పోయిందో గుర్తులేదు.

టీచరమ్మ తిరిగి వచ్చేసరికి సన్నని వాన మొదలైంది. గొడుగు మూలన పెడుతుంటే సువర్ణ అడిగింది.

"మమ్మీ, మైనా ఎవరు?"

టీచరమ్మ మంచం అంచున కూర్చుంది. ఎవరు చెప్పారని నన్ను అడిగింది. నేను జరిగింది చెప్పాను. ఆమె చాలాసేపు చీర కొంగుతో తడిచేతులు తుడుచుకుంటూనే ఉంది.

సువర్ణ పుట్టిన నాటి నుంచి ప్రభుదాస్, ఇంట్లో తామిద్దరే ఉన్నప్పుడు, మైనా అనే పిలిచేవాడట. రాసుకున్న పేరు వేరు, నోటికి అలవాటైన పేరు వేరు. పాస్టర్ అడిగినప్పుడు అదే వచ్చేసింది. పాస్టర్ నవ్వి మళ్లీ అడిగాడు. అంత మెల్లగా జరిగింది కాబట్టి పక్కన ఉన్న తనకు తప్ప ఎవరికీ వినిపించలేదంది. ఆయన పోయాక ఆ పేరు నోట్లోంచి రాక, కూతురికి కూడా ఎన్నడూ చెప్పలేదంది. పాస్టర్ కూడా ఇప్పుడు లేడు.

తర్వాత ఆమె అన్న మాట నేను ఊహించనిది.

"ఎట్లన్నడు బిడ్డా? నాకు ఆయన గొంతు యాది లేదు. ఎప్పుడో మర్శిపోయిన. మంది చెప్పిందే నీకు చెప్పుకుంట వచ్చిన."

సువర్ణ తల్లి పక్కన కూర్చుంది. కళ్లు మూసుకుని, కొంచెం గొంతు తగ్గించి, చివరి అక్షరాన్ని కొద్దిగా సాగదీసి, "మైనా" అంది. నేను విన్నది సరిగ్గా అలాగే ఉంది.

టీచరమ్మ కూతురి చెయ్యి పట్టుకుంది.

"గట్లనే. గట్లనే అంటుండె. ఇంకోసారి అను."

నేను చెప్పులు వేసుకుని వానలోనే వచ్చేశాను.

మర్నాడు ఆ ఫైలును శబ్దాన్ని గీతలుగా చూపించే ప్రోగ్రాంలో తెరిచాను. శబ్దానికి ఒకే ట్రాక్ ఉంది, మాటలకు వేరేది లేదు. ఆ ఘట్టం పొడవునా సంగీతం గీత ఎక్కడా తెగలేదు. వీడియో తీసిన ఖాజా భాయ్‌ని వెతుక్కుంటూ వెళ్లాను. ఇప్పుడు కొడుకు స్టూడియోలో ఊరికే కూర్చుంటున్నాడు. తీసిన అసలు క్యాసెట్ ఏమైందని అడిగాను. మిక్సింగ్ కాగానే దాని మీదే ఇంకో పెళ్లి తీసేవాళ్లమన్నాడు. మాటలు మిగిలే అవకాశం ఉందా అంటే నా వైపు జాలిగా చూశాడు.

"మాటలు యాడికెల్లి వస్తయి సాబ్? తీసేసిందే నేను."

కొత్త డ్రైవర్ వల్ల శబ్దం కాసేపు తెగిపోవచ్చు. పక్కింటి టీవీ వినిపించవచ్చు. వినాలన్న కోరికతో ఆ పిల్ల భ్రమపడి ఉండవచ్చు. ఇవన్నీ నేనూ ఆలోచించాను. కానీ విన్నది నేను కూడా. ఆ పేరు నాకు తెలియదు. తెలిసిన ఒక్క మనిషీ ఆ సమయంలో గొడుగు పట్టుకుని చర్చిలో ఉంది.

బాప్తిస్మం అయ్యాక సువర్ణ అత్తగారింటికి టేక్మాల్ వెళ్లిపోయింది. ఆ వీడియో మళ్లీ పెట్టి చూసినట్టు లేదు. టీచరమ్మ మాత్రం కొన్ని సాయంత్రాలు కూతురికి ఫోన్ చేస్తుంది. పాప ఎలా ఉంది, అన్నం తిన్నావా అని అడిగాక, ఆ పేరు ఒక్కసారి అనమంటుంది. అవతల నుంచి సువర్ణ అంటుంది. ఈమె ఫోన్ చెవికి ఆనించుకుని కూర్చుంటుంది.