కొండ మీద మడి వంట

హనుమేశాచారికి నలభై రెండేళ్లు వచ్చినా తనదని చెప్పుకోవడానికి ఒక పొయ్యి లేదు. ఆదోని, ఎమ్మిగనూరు చుట్టుపట్ల ఏ ఇంట పెళ్లయినా, తద్దినమైనా వంటకు ఆయన్నే పిలిచేవారు. పని అయిపోగానే మూటాముల్లే సర్దుకుని ఇంకో పెళ్లివారి పెరట్లో పడుకోవలసిందే. భార్య తుంగమ్మ చిప్పగిరిలో తమ్ముడి ఇంటి వసారాలో, మరదలి మాటలు పడుతూ రోజులు వెళ్లదీస్తోంది. మొగుడూ పెళ్లాం ఏడాదికి పది రోజులు ఒక కప్పు కింద ఉంటే గొప్ప.

అందుకే ఆదోని పత్తి వ్యాపారి రామసుబ్బయ్య శెట్టి ఆశ పెట్టగానే ఆచారి మెత్తబడిపోయాడు. మంత్రాలయం పోయే యాత్రికుల కోసం శెట్టి ఊళ్లో సత్రం కట్టిస్తున్నాడు. తన వెంట ఆఫ్రికాకు వచ్చి మూడు నెలలు వండిపెడితే ఆ సత్రం వంటశాలా, దాని వెనక గదీ ఆచారివేనన్నాడు. పత్తి బేరం మీద టాంగనీకాలోని మోషీ అనే ఊరికి ఓడెక్కుతున్న శెట్టికి పరాయి చేతి మెతుకు గొంతు దిగదట. మరి సముద్రం దాటితే ఆచారం చెడదా అని ఆచారి నసిగితే, తిరిగొచ్చి పంచగవ్యం పుచ్చుకుంటే సరిపోతుందన్నాడు. డబ్బున్నవాడి మడి కావలసిన చోట వంగుతుంది లెండి. వంగనిదంతా వంటవాడి నెత్తికే వస్తుంది.

ఇది 1954 నాటి మాట. మోషీలో ఏ వీధిలో నిలబడినా కిలిమంజారో కొండ కనిపిస్తుంది, పైన మంచు. శెట్టి భాగస్వామి, ఒక గుజరాతీ సేటు, ఓ సాయంత్రం నవ్వులాటకు ఆ కొండ తెల్లదొరలకేగానీ మన బొజ్జలకు కాదన్నాడు. శెట్టికి రోషం పొడుచుకొచ్చింది. వారం తిరక్కుండా ఎలియా అనే దారి చూపే మనిషినీ, ఎనిమిదిమంది కూలీలనూ మాట్లాడాడు. ఐదు రోజుల ప్రయాణం. ఆచారి వెంట రాకపోతే శెట్టికి అన్నం ఎవరు వండుతారు?

ఎలియా ఆ కొండ కింద పుట్టినవాడే. గుజరాతీల కొట్లో పనిచేసి హిందుస్తానీ నేర్చుకున్నాడు. ఆచారికి ఆదోని బజారు హిందుస్తానీ వచ్చు. అట్లా ఇద్దరికీ మాటలు కలిశాయి. మాటలు మాత్రమే. ఎలియా ఇచ్చిన టీ ఆచారి తాగలేదు, ఎలియా నీడ పడిన గిన్నె మళ్లీ తోముకున్నాడు. ఈ మనిషి మరీ అమాయకుడేం కాదు, ఆ గర్వం ఆయనకూ ఉంది.

మొదటి రోజు అడవిలో ముసురు. ఆచారి వాగులో మునిగి, తడిపంచెతోనే వండాడు. రెండో రోజు గాలి కత్తిలా కోస్తుంటే ఎలియా వచ్చి, ఇక నీళ్లు ఒంటి మీద పోసుకోవద్దు, ఈ కొండ మనిషిని కొరుకుతుందని హెచ్చరించాడు. ఆచారి నవ్వి మూటలోంచి ధావళి తీశాడు. అది ఉన్నితో నేసిన మడిబట్ట, తడపకుండా పొడిగా కట్టుకుని వండవచ్చు. శాస్త్రం పెట్టిన వెసులుబాటే అది. ఆ బట్ట శెట్టి కంట పడింది.

"ఆచార్లూ, మీకు ఎట్లాగూ పొయ్యి వేడి ఉంటుంది. నాకు నడుం పట్టేస్తాంది" అని దాన్ని కోటు కింద చుట్టేసుకున్నాడు శెట్టి. ఇయ్యనని ఆచారి అనలేకపోయాడు. ఎట్లా అంటాడు, సత్రం గది కళ్లముందు కనపడుతుంటే!

మూడో రోజు ఇక వాగులు లేవు. ఆఖరి ఊట దగ్గర కూలీలు నీళ్లు పట్టుకుంటుంటే, వాళ్లు ముట్టిన నీళ్లు వంటకు పనికిరావని ఆచారి రెండు రాగి బిందెలు తానే మోశాడు. అడుగుకొకసారి ఆగి ఊపిరి తీసుకుంటూ, రాళ్లు తప్ప ఏమీ లేని మైదానం దాటి, సాయంత్రానికి శిఖరం కింద రేకుల గదికి చేరాడు. బిందెల్లో పైన మంచు పేరుకుంది. దాన్ని పగలగొట్టి, చెంబుడు నీళ్లు నెత్తిన పోసుకుని, తడిపంచె కట్టి పొయ్యి వెలిగించాడు.

ఎసరు తెర్లింది. గంట తెర్లినా బియ్యం ఉడకలేదు. అంత ఎత్తున నీళ్లు ఊరికే తెర్లుతాయి, గింజ మాత్రం మెత్తబడదు. అక్కడ దొరలు కూడా రొట్టె ముక్కలే తింటారట. పాతికేళ్లు గరిటె పట్టిన ఆచారికి ఈ సంగతి ఏం తెలుసు? తన చేతిలోనే ఏదో తప్పు జరిగిందనుకుని, తల వంచుకుని వడ్డించాడు.

శెట్టి ఒక ముద్ద నోట పెట్టుకుని తుపుక్కున ఉమ్మాడు. మెతుకులు ఆచారి పంచె మీద పడ్డాయి.

"మైలపడిపోతిరే! స్నానం చేసి మళ్లీ పెట్టండి ఆచార్లూ. ఆకలితో కొండ ఎక్కల్లనా నేను?"

ఆచారి బయటికొచ్చి రెండో చెంబు పోసుకున్నాడు. పంచె పిండుతుంటే బట్ట చేతుల్లోనే బిగుసుకుపోయింది. కుడిచేతి వేళ్లు సున్నం రాసినట్టు తెల్లబడ్డాయి. ఎలియా పరుగున వచ్చి ఆ చెయ్యి పట్టుకుని తన చంకలో వెచ్చగా దోపుకోబోయాడు. ఆచారి లాక్కున్నాడు.

"ముట్టుకోవద్దు. మడిలో ఉండాను."

అయ్యో మనిషీ! ఒక్క గడియ ఊరుకుంటే ఆ చెయ్యి దక్కేది కదా. మైలపడితే ఇంకో చెంబు పోసుకోవాలి, దానికి ఇక ఓపిక లేదు, వంట చెడితే గది పోతుంది. ఆయన లెక్క అంతే. రెండోసారీ అన్నం పలుకే అయింది. విసుగెత్తి శెట్టి ఆ పలుకులే నమిలి పడుకున్నాడు.

అర్ధరాత్రి దాటాక శెట్టి పైకి బయలుదేరి, సగం దూరం పోకముందే వాంతులతో కూలబడ్డాడు. ఎలియా ఆయన్ను వీపున వేసుకుని దించాడు. అప్పుడు మైలా గియిలా ఏదీ అడ్డం రాలేదు.

మోషీ ఆసుపత్రిలో ఆచారి కుడిచేతికి బొటనవేలు తప్ప మిగతా నాలుగూ తీసేశారు. పక్కన కూచుని శెట్టి ఓదార్చాడు, గది మాట మరిచిపోనన్నాడు. ఒక్కటే అడిగాడు, సగంలో తిరిగొచ్చిన సంగతి ఊళ్లో చెప్పొద్దని. ఆదోనిలో శెట్టికి మెడనిండా పూలదండలు వేసి ఊరేగించారు. శిఖరం మంచు చేత్తో తాకినానని శెట్టి సభలో చెబుతుంటే, అవునని ఆచారి తలూపాడు.

సత్రం తెరిచే ముందు శెట్టి ఆయన్ను పిలిపించాడు. "నాకేం పట్టింపు లేదు ఆచార్లూ. వేళ్లు లేని చేతి వంట దేవునికి నైవేద్యం పెట్టకూడదని పెద్దలు అంటాండారు. నేనేం చేయల్ల?"

తన భార్య వండుతుందనీ, తనకంటే ఆమెకు నిష్ఠ ఎక్కువనీ ఆచారి చెప్పాడు. శెట్టి ఒప్పుకున్నాడు. చిప్పగిరి నుంచి తుంగమ్మ వచ్చింది. పెళ్లయిన ఇరవై ఏళ్లకు ఇద్దరికీ ఒక గది దొరికింది.

ఆ పుష్యమాసంలో ఆమెకు జ్వరం తగిలింది. మూడు రోజులు ఆ ఒంటితోనే బావి దగ్గర నీళ్లు పోసుకుని, తడిచీరతో పొయ్యి ముందు నిలబడింది. నాలుగో పొద్దున పొడిచీర కట్టుకుని వంటింట్లోకి పోబోతే ఆచారి గడపకు అడ్డం నిలబడ్డాడు. ఒళ్లు కాలిపోతాందండీ, ఈ ఒక్క పూట వదిలేయమని ఆమె చేతులు పట్టుకుంది. ఆయన ఎడమచేత్తో చెంబు ముంచాడు.

"నీకు మడి కుదరదంటే మనల్ని బయటికి పంపుతారే. మళ్లీ నీ తమ్ముని వసారాకు పోతావా?"

చెంబుడు నీళ్లూ ఆమె నెత్తిన గుమ్మరించి, ఇంకో చెంబు ముంచాడు.