ఫోన్లో అత్తమ్మ చెప్పిన ఉప్పు కొలత

మొన్న మా మనవరాలు రుషికొండ కంపెనీ పని ఇంట్లోంచే చేస్తూ మీటింగులో కూర్చుంది, నలభై మందట, గంటసేపు ఒక్కరూ కిక్కురుమనలేదు. అయ్యాక, అంతా రికార్డయిపోయింది నాన్నమ్మా అంటూ టీకి లేచింది. ఆ మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది, దాని మీద కాదు, నా మీద నాకే.

కరోనా మొదటి ఏడాది మాట. వీధిలో నలుగురు నిలబడితే కేకలేసిన రోజులు మీకూ గుర్తుండే ఉంటాయి. సముద్రంలో వేట మొదలైనా పచ్చి చేప కొనేవాళ్ళు లేక, ఎండబెట్టుకోవడమొక్కటే దారయింది. ఐసుపెట్టెలకు అలవాటుపడ్డ మా ఆడవాళ్ళకి వానగాలిలో చేప పురుగు పట్టకుండా ఉప్పెయ్యడం రాదు. వచ్చింది మా అత్తమ్మకే, ఆవిడకేమో అప్పటికే చూపు మందగించింది. అందుకని మా వీధి టీచరమ్మ ఫోన్లోనే సెమినార్ పెడదామని, భీమిలిలోని మా ఆడపడుచుతో సహా ఐదిళ్ళని బొమ్మ రాని ఒకే మాటల కాల్లో కలిపింది, ఇంటికో ఫోను, ఫోను చుట్టూ నలుగురైదుగురు. ఇంకో ఫోన్లో రికార్డు చేసే పని నాది. ఆవిడతో ఆ విద్య పోకూడదని అందరి మనసులోనూ ఉంది, పైకి ఎవరూ అనలేదంతే.

మొదలుపెట్టగానే కుక్కర్ కూతలు, కుక్కల అరుపులు. టీచరమ్మ అందర్నీ మ్యూట్‌లో పెట్టించింది. రెండు మాటలు చెప్పి అత్తమ్మ ఆగిపోయింది, మా వైపు వినేవాళ్ళు ఊ కొట్టకపోతే చెప్పేవాళ్ళకి గొంతు పెగలదు.

"ఎవులూ ఊ కొట్టరేటే కోడలా, లైను సచ్చిపోనాదేటి?"

"అందరూ నోరు మూసుకుని ఇంటన్నారత్తా."

"నోరు మూసుకున్నోలకి నానేటి సెప్తాను? గోడకి సెప్పుకుంటాను గానీ."

మ్యూట్ తీస్తే గోల, పెడితే మౌనం, అలా మూడుసార్లు. చివరికి విసుగెత్తి, అందరి బదులూ నేనే ఊ కొడతానని ఆవిడకి ఎదురుగా కూర్చున్నాను. ఇక ఆవిడ ఆగలేదు, వెన్ను చీల్చడం, సముద్రపు నీళ్ళతో కడగడం, ఏ గాలికి ఎండలో పెట్టాలో ఏ గాలికి తియ్యాలో, అన్నీ చెప్పింది. ముగిశాక ఐదిళ్ళవాళ్ళూ మ్యూట్ తీసి చప్పట్లు కొట్టారు, టీచరమ్మ మురిసిపోయింది. సాయంత్రం ఆడపడుచు ఫోన్ చేసింది.

"ఉప్పెంతన్నాది వదినా? నాకందలేదు."

"అంతా రికార్డులో ఉన్నాది, తర్వాత ఇనుకుందువులే," అన్నాను గొప్పగా. అత్తమ్మ అరుగు మీదే ఉంది, ఒక్క కేకేసి అడిగితే అయిపోయేది. రికార్డుంది కదా అన్న ధీమాతో ఆ తర్వాతా అడగలేదు, ఎవరూ వినలేదు.

ఆవిడ పోయాక మొదటిసారి పెట్టి విన్నాం. "గంపెడు సేపకి ఇంతుప్పు" అంది అత్తమ్మ. ఆ వెంటనే నా ఊ. ఇంత అంటూ అరచెయ్యి చాపి చూపించే ఉంటుంది, ఫోనుకి కళ్ళుండవని ఆవిడకేం తెలుసు. కళ్ళున్న నేను రికార్డు ఎర్రచుక్క వెలుగుతోందా లేదా అని ఫోనునే చూస్తూ, ఆ చెయ్యి చూడకుండానే ఊ కొట్టాను. అవతల ఇరవై నోళ్ళు మూయించి ఉండకపోతే, ఒక్కతైనా ఎంత అని అరిచేది.

ఇప్పటి మీటింగుల్లో ఎవరూ ఎవరికీ అడ్డు రారు, చెప్పేవాళ్ళు చెప్పుకుపోతారు. నేను మాత్రం ప్రతి వానాకాలం గుప్పెట్లో ఉప్పు పట్టుకుని ఆ చోటే మళ్ళీ మళ్ళీ పెట్టి వింటాను. ఒకసారి చేప ఉప్పుకషాయమవుతుంది, ఒకసారి పురుగు పడుతుంది. ఆవిడ గొంతు ఏడాదికేడాది పల్చబడుతున్నట్టే ఉంటుంది గానీ, నా ఊ మాత్రం గట్టిగానే వినబడుతుంది.